షాట్స్ అంటే బంగారమా, పన్నా?

కీటా_అమ్మ
మావాడు ఇక్కడ జర్మనీలో కీటాలో, అంటే పసిపిల్లల బడిలో, చేరిన దగ్గర్నించి ఇంట్లో ఒకటే గోల. అక్కడి టీచర్లు పిల్లలందర్నీ "షాట్స్" అనే పిలుస్తారు. "షాట్స్, బూట్లేసుకో." "షాట్స్, చేతులు కడుక్కున్నావా?" వీడు ఆ మాట పట్టుకొచ్చి వీడియో కాల్‌లో మా అత్తగారి మీద ప్రయోగించాడు. ఆవిడకి షార్ట్స్ అని వినపడింది. "అంత చలిలో పిల్లాడికి పొట్టి లాగులు తొడుగుతున్నారా" అని నాకు క్లాసు పీకింది.

డిక్షనరీ తీస్తే నిధి, ఖజానా అని ఉంది. సరే, మనం బంగారం అంటాం, వాళ్ళు నిధి అంటారు, బాగానే ఉంది అనుకున్నా. కానీ మా ఆఫీసులో డెన్మార్క్ అమ్మాయి ఒకతె ఉంది. వాళ్ళ భాషలో ఇదే మాటకి పన్ను అని అర్థమట! జీతంలోంచి కోసే పన్ను. పసివాణ్ణి పట్టుకుని "ఒరే పన్నూ" అనడమేంటండీ? అసలీ మాట ఎక్కణ్ణించి పుట్టింది, ప్రేమలోకి ఎలా వచ్చింది, తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి. మా ఆయన్ని అడిగితే "వీడి వల్ల మనకి పన్నేం పోవట్లేదు, పిల్లల కోసం ప్రభుత్వమిచ్చే కిండర్‌గెల్డే వస్తోంది" అంటున్నాడు. ఆయనతో లాభం లేదు.

రైన్_రవి
మా కీటాలో షాట్స్ కాదు, "మౌస్". ఎలుక. మీరే నయం.

హైద్రాబాదీ_ఇన్_హాంబుర్గ్
మౌస్ అయితే ఏమాయె భాయ్, మా పాపను "మౌసి" అంటరు. మౌసీ అంటే మా దిక్కు పిన్ని. నాలుగేండ్ల పోరిని పట్టుకొని టీచర్లందరు పిన్నీ పిన్నీ అని తిరుగుతుంటే నవ్వాల్నా ఏడ్వాల్నా?

ష్టుట్‌గార్ట్_శీను
మా వైపు షాట్స్ కూడా అనరు, "షెట్స్‌లే" అంటారు. ష్వాబియన్ యాస. దీనికీ "ష్పెట్స్‌లే"కీ ఒక్క అక్షరమే తేడా. ఆ రెండోది ఇక్కడి నూడుల్స్. ఆకలి మీదున్నప్పుడు భార్యని పిలిచేటప్పుడు జాగ్రత్త.

పాత_పుస్తకం
డెన్మార్క్ అమ్మాయి చెప్పింది నిజమే. కాకపోతే వరస తిరగేసి చూడాలి. ముద్దుమాట పోయి పన్ను కాలేదు. మొదట అది డబ్బు మాట. ఒకచోట పన్ను అయింది, ఇంకోచోట ప్రియురాలు అయింది.

దొరికిన సాక్ష్యాల్లో పాతది గోతిక్ భాషది. జర్మన్‌కి చుట్టం, ఇప్పుడు ఎవరూ మాట్లాడరు. 4వ శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్ బైబిల్‌ని గోతిక్‌లోకి తెచ్చాడు. సీజరుకి పన్ను కట్టొచ్చా కూడదా అని యేసుని ఇరికించబోయే ఘట్టం ఉంది కదా, మార్కు సువార్త 12వ అధ్యాయంలో. "ఒక దేనారం తెచ్చి చూపించండి" అంటాడు. ఆ దేనారం ఉన్నచోట వుల్ఫిలా వేసిన మాట "స్కట్స్". అంటే నాణెం, అంతే. ఆ అనువాదానికి 6వ శతాబ్దపు నకలు ఒకటి స్వీడన్‌లో ఉప్సాలా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంది. ఊదారంగు వేసిన తోలు మీద వెండి సిరాతో రాశారు.

దీని అన్నదమ్ములు ఉత్తర ఐరోపా అంతా ఉన్నారు. పాత ఇంగ్లీషులో ఇదే మాటకి నాణెం, సొమ్ము అని అర్థం. 7, 8 శతాబ్దాల నాటి చిన్న చిన్న వెండి నాణేలని నాణేలు సేకరించేవాళ్ళు ఈ రోజుకీ ఆ పేరుతోనే పిలుస్తారు. స్కాండినేవియా వాళ్ళ పాత భాష నార్స్‌లో "స్కత్తర్" అంటే రాజుకి కట్టే కప్పం. అక్కణ్ణించే డేనిష్, స్వీడిష్ "స్కాట్". స్వీడిష్‌లో దానికి పన్ను, నిధి రెండూ. డేనిష్‌లో పన్ను, నిధి, పైగా "నా ప్రాణమా" కూడా. జర్మన్‌లో పన్నుకి వేరే మాట, "ష్టోయర్", స్థిరపడిపోయింది. అందుకని ఇక్కడ షాట్స్‌కి పన్ను వాసన పోయింది.

కీటా_అమ్మ
వాసన పోయిందన్నారు, ఊపిరి పీల్చుకున్నా.

డేన్_కోడలు
డెన్మార్క్‌లో ఆర్‌హుస్ నుంచి. పైన చెప్పింది అక్షరాలా నిజం. అసలు తమాషా ఏంటంటే 2005 నుంచి 2018 దాకా ఇక్కడ పన్నుల శాఖ పేరే "స్కాట్". తర్వాత దాన్ని ఏడు ముక్కలు చేసి వేరే పేర్లు పెట్టారు. ఆ రోజుల్లో కవరు మీద పెద్దక్షరాలతో స్కాట్ అని ఉండేది. మా ఆయన డేన్. ఉత్తరాల పెట్టె తెరిచి "స్కాట్, స్కాట్ వచ్చింది" అని కేకేసేవాడు. మొదటి స్కాట్ నేను, రెండోది పన్ను. ఏ స్కాట్‌కి ఎక్కువ భయపడేవాడో మీరే ఊహించుకోండి.

రైన్_రవి
రెండిటికీ రీఫండ్ ఉండదు కదా పాపం.

డేన్_కోడలు
@రైన్_రవి పన్నుకి ఉంటుంది.

వేదపురి
అందరూ చుట్టూ తిరుగుతున్నారు. షాట్స్ సంస్కృతంలోని "సత్" నుంచి వచ్చింది. సత్ అంటే ఉత్తమమైనది, విలువైనది. జర్మన్లకి మాటలు మన దగ్గర్నించే వెళ్ళాయని వాళ్ళ పండితులే ఒప్పుకున్నారు.

పాత_పుస్తకం
@వేదపురి ఏ పండితుడు ఒప్పుకున్నాడో పేరు చెప్పండి, చదువుకుంటా. జర్మన్, సంస్కృతం ఒకే మూలభాష పిల్లలు. ఒకదాన్నుంచి ఒకటి పుట్టలేదు, అక్కాచెల్లెళ్ళు. షాట్స్ పాత రూపాలన్నిట్లోనూ మొదట "స్క" ఉంది. స్కట్స్, స్కత్తర్, పాత జర్మన్‌లో "స్కత్స్". ఆ "స్క" తర్వాత్తర్వాత అరిగి "ష" అయింది. కాబట్టి ఇప్పటి ఉచ్చారణ పట్టుకుని సత్‌తో ముడిపెట్టడం కుదరదు. జర్మానిక్ భాషలు (జర్మన్, ఇంగ్లీషు, డేనిష్ లాంటివి) దాటి బయట దీనికి ఖాయమైన వేరు ఇంతవరకు ఎవరూ చూపించలేదు.

సంస్కృతంతో నిజమైన చుట్టరికం కావాలంటే రవిగారి "మౌస్" తీసుకోండి. సంస్కృతంలో "మూష్", లాటిన్‌లో "మూస్", గ్రీకులో "మ్యూస్", జర్మన్‌లో "మౌస్". మన మూషికం దాని పొడిగింపే. ఇక్కడ పోలిక ఒక్క మాటతో ఆగదు. "హౌస్" కూడా పాత జర్మన్‌లో "హూస్", పాత ఊకారం జర్మన్‌లో ఔ అవడం అంతటా కనిపిస్తుంది.

హైద్రాబాదీ_ఇన్_హాంబుర్గ్
అంటే మౌసి అంటే వినాయకుని బండి. ఇగ మా అమ్మకు చెప్తా, ఖుష్ అయితది.

వేదపురి
@పాత_పుస్తకం పాశ్చాత్యులు రాసిన పుస్తకాలే చదివితే అలాగే ఉంటుంది. నా అభిప్రాయం నాది.

కొత్తవలస_కుర్రోడు
పాత పుస్తకం గారూ, ఒక డౌటు. మా ఇజీనారం వైపు పశువుల్ని "సొమ్ములు" అంటాం. "సొమ్ములు తోలుకెళ్ళాడు", "సొమ్ములకి కుడితెట్టు". హైదరాబాద్‌లో చదువుకోడానికి వచ్చినప్పుడు మా రూమ్మేట్‌తో "మా ఇంటికాడ నాలుగు సొమ్ములున్నాయి" అన్నాను. వాడు నగలు అనుకున్నాడు. డబ్బు, నగలు, పశువులు మూటికీ ఒకే మాట. జర్మన్‌లో అలాటిదేమైనా ఉందా?

పాత_పుస్తకం
@కొత్తవలస_కుర్రోడు అడగాల్సింది అడిగారు! ఉంది, అదీ ఇదే మాటలో.

జర్మనీకి వాయవ్యంలో ఫ్రీజియన్లని ఉంటారు. వాళ్ళ పాత భాషలో "స్కెట్" అంటే డబ్బు, పశువులు కూడా. అటు తూర్పున రష్యన్‌లో "స్కోత్" అంటే ఈ రోజుకీ పశువులే. పాత రష్యన్‌లో అదే మాటకి డబ్బు అనే అర్థం ఉండేది, "స్కోత్నిత్స" అంటే ఖజానా. పశువుల కొట్టం పేరు కాదండోయ్, రాజుగారి ఖజానా. మాట జర్మానిక్ వాళ్ళ దగ్గర్నించి స్లావులకి వెళ్ళిందా, అటునించి ఇటొచ్చిందా అన్న దానిమీద పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు. డబ్బు ముందా పశువు ముందా అనేదీ తేలలేదు.

ఇలాంటి జంటలు ఇంకా ఉన్నాయి. లాటిన్‌లో "పెకుస్" అంటే మంద, "పెకూనియా" అంటే డబ్బు. ఇంగ్లీషులో మనం కట్టే "ఫీజు", జర్మన్‌లో పశువులనే అర్థమున్న "ఫీ", రెండూ అన్నదమ్ములే. సంస్కృత "పశు" కూడా ఆ కుటుంబమే. వేదపురి గారికి ఇది నచ్చుతుంది.

కొత్తవలస_కుర్రోడు
అయితే మా అమ్మ దూడని "నా సొమ్మే, నా తల్లే" అని నిమురుతుంది కదా, అది షాట్స్‌కి సరిగ్గా సరిపోయిందన్నమాట. అక్కడ డబ్బూ అదే, పశువూ అదే, ముద్దూ అదే.

పాత_పుస్తకం
ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

ఫ్రాంక్‌ఫర్ట్_ఫణి
జర్మన్‌లో డబ్బు వాసన పోయిందన్న మాట నేను ఒప్పుకోను. నేను బాండ్ల డెస్క్‌లో పని చేస్తా. జర్మన్ ప్రభుత్వం రెండేళ్ళకి అప్పు తీసుకునే బాండు పేరు "బుండెస్‌షాట్స్‌ఆన్‌వైజుంగ్". అంత పేరు ఎవరంటారు, అందరం "షాట్స్" అంటాం. ఐదేళ్ళది బోబుల్, పదేళ్ళది బుండ్, ముప్పై ఏళ్ళది బుక్సుల్. యూరెక్స్ ఎక్స్ఛేంజీలో వీటి మీద ఫ్యూచర్స్ నడుస్తాయి. పొద్దున్నుంచీ "షాట్స్ పడిపోయింది", "షాట్స్ అమ్మేయ్" ఇదే మాట. ఇంటికెళ్ళి అదే నోటితో భార్యని షాట్స్ అనాలంటే నాలుక తిరగదు. నేను "బుజ్జీ" అనే అంటా.

ఇంకోటి, మామూలు జనం దాచుకోడానికి "బుండెస్‌షాట్స్‌బ్రీఫ్" అని పొదుపు పత్రాలుండేవి. 1969 నుంచి 2012 దాకా అమ్మారు. మన ఎన్‌ఎస్‌సీ లాంటివి. మా ఇంటి ఓనరు ముసలాయన ఇప్పటికీ వాటి గురించి కళ్ళు మెరిపిస్తూ చెప్తాడు.

రైన్_రవి
బోబుల్, బుక్సుల్ కూడా కుక్కపిల్లల పేర్లలాగానే ఉన్నాయి.

సందేహం_సుందరి
నాకొకటి అర్థం కాదు. నాణెం, కప్పం, పశువు, బాండు... ఇవా ప్రేమించే మనిషికి పెట్టాల్సిన పేర్లు? మనిషిని ఆస్తి లెక్కన చూడటం కాదా? "నా షాట్స్" అనడంలోనే "నా సొత్తు" అనే భావం ఉంది. ఆడవాళ్ళ మీదే ఎక్కువ వాడతారు కూడా.

డేన్_కోడలు
@సందేహం_సుందరి ఆఖరి మాట తప్పు. భార్యలు భర్తల్ని, అమ్మలు పిల్లల్ని, ముసలాళ్ళు ముసలాళ్ళని అందరూ అంటారు. జర్మనీలో జంటలు అన్నిటికంటే ఎక్కువగా వాడే ముద్దుమాట ఇదే.

బాసర_బాలు
మనం మాత్రం తక్కువ తిన్నమా? బంగారం, రత్నం, మాణిక్యం, ముత్యం. మా నాయనమ్మ నన్ను వరహాల కొండ అనేది. వరహా అంటే నాణెమే గదా. అంటే మా నాయనమ్మ నన్ను గోతిక్‌ల పిలిచిందన్నట్టు.

సందేహం_సుందరి
@బాసర_బాలు మనం అంటున్నాం కాబట్టి ఒప్పయిపోదు. అదీ ఆలోచించాల్సిందే.

గుంటూరు_గ్రేస్
ఆస్తి భావం మొదట ఉందేమో గానీ, ప్రేమలోకి వచ్చిన దారి నాకు వేరేలా కనిపిస్తుంది. మత్తయి సువార్త 6వ అధ్యాయం 21వ వచనం మనకందరికీ తెలుసు, "నీ ధనమెక్కడ నుండునో అక్కడనే నీ హృదయము ఉండును". మత సంస్కర్త మార్టిన్ లూథర్ జర్మన్ బైబిల్లో ఆ ధనం అన్నచోట ఉన్నది "షాట్స్". షాట్స్ ఎక్కడో హృదయం అక్కడ. లూథర్ కొత్త నిబంధన 1522లో వచ్చింది, మొత్తం బైబిల్ 1534లో. ఇంటింటా చదివిన పుస్తకం. షాట్స్‌నీ హృదయాన్నీ ఒకే వాక్యంలో వినీ వినీ జనం నోట్లో ఆ రెండూ కలిసిపోయి ఉండవా?

పాత_పుస్తకం
@గుంటూరు_గ్రేస్ ఆ వాక్యం మాటకి బలం ఇచ్చి ఉండొచ్చు, కానీ పుట్టించలేదు. ప్రియుడు, ప్రియురాలు అనే అర్థం లూథర్ కంటే ముందే, మధ్యయుగాల చివర్లోనే ఉంది. తర్వాత జానపద పాటలు దాన్ని ఊరూరా తిప్పాయి. ఊరొదిలి పనికోసం పోయే కుర్రాడు తన "షాట్స్"కి చెప్పుకునే మాటలే ఆ పాటల్లో సగం. ఆ కాలంలో ప్రియురాలు అనడానికి అదే మామూలు మాట. "వాడికి పక్కూళ్ళో ఒక షాట్స్ ఉంది" అనేవాళ్ళు.

మీరు ఆ వచనం ఎత్తారు కాబట్టి ఒక సరదా. అదే వచనాన్ని వుల్ఫిలా గోతిక్‌లో రాసినప్పుడు ధనానికి స్కట్స్ వాడలేదు. "హుజ్ద్" అన్నాడు. ఆయనకి స్కట్స్ అంటే చేతిలో చిల్లర, హుజ్ద్ అంటే దాచిపెట్టిన నిధి. లూథర్ నాటికి షాట్స్ చిల్లర స్థాయి నుంచి నిధి స్థాయికి ఎదిగింది. మరి హుజ్ద్ ఏమైంది? ఇంగ్లీషులో "హోర్డ్" అయింది, జర్మన్‌లో "హోర్ట్" అయింది.

కీటా_అమ్మ
ఆగండాగండి. హోర్ట్ అంటే స్కూలు అయ్యాక పిల్లల్ని ఉంచే చోటు కాదూ? మా పెద్దమ్మాయి వెళ్ళేది అక్కడికే.

పాత_పుస్తకం
అదే. మొదట నిధి, తర్వాత నిధిని భద్రంగా ఉంచే చోటు, ఆశ్రయం, చివరికి పిల్లల్ని భద్రంగా ఉంచే చోటు. షాట్స్‌లని హోర్ట్‌లో పెడుతున్నారు మీరు.

గుంటూరు_గ్రేస్
లూథర్ బైబిల్లో ఇంకోటి గుర్తొచ్చింది. క్రిస్మస్ ముందు రాత్రి ఇక్కడ ప్రతి చర్చిలోనూ లూకా 2వ అధ్యాయం చదువుతారు. ఔగుస్తు కైసరు ప్రజాసంఖ్య రాయమని ఆజ్ఞ ఇచ్చిన చోట "లోకమంతా గెషెట్స్ట్ కావాలని" అని వస్తుంది. మొదటిసారి విన్నప్పుడు లోకాన్నంతా ముద్దు చేయమన్నాడేమో అనిపించింది!

పాత_పుస్తకం
బాగుంది. "షెట్సెన్" అంటే వెలకట్టడం, లెక్కగట్టడం. అక్కడ పన్నుకోసం లెక్క రాయడం అని. వాసన పోయింది అన్నానే, ఇలాంటి మూలల్లో ఇంకా ఉంది. "బ్రాండ్‌షాట్సెన్" అని ఇంకో మాట. "డబ్బులిస్తారా, ఊరు తగలబెట్టమంటారా" అని సైన్యం వచ్చి బెదిరించి వసూలు చేసుకోవడం. "బ్రాండ్" అంటే మంట. అంటే మంట పన్ను.

ఫ్రాంక్‌ఫర్ట్_ఫణి
@పాత_పుస్తకం థాంక్స్. వాసన పోలేదని నేను ముందే చెప్పా.

బీ1_బ్యాచ్
షెట్సెన్ సంగతి వచ్చింది కాబట్టి, మా క్లాసులో జరిగింది. "ఇష్ షెట్సె దిష్" అంటే "నీ మీద నాకు గౌరవం, నిన్ను మెచ్చుకుంటా" అని. మా క్లాస్‌మేట్ ఒకడు షాట్స్ లోంచి వచ్చింది కదా, ఇది ప్రేమ చెప్పడమే అని తేల్చుకుని ఒకమ్మాయికి వాలెంటైన్స్ డేకి కార్డు మీద రాసిచ్చాడు. ఆమె "థాంక్యూ, నాకూ నీ మీద గౌరవమే" అని షేక్‌హ్యాండ్ ఇచ్చి వెళ్ళిపోయింది. రిటైర్మెంట్ ఫంక్షన్లో మేనేజర్ చెప్పే మాటది.

రైన్_రవి
పాపం. వాడికి షాట్స్ దొరకలేదు, షెట్సుంగ్ దొరికింది.

బీ1_బ్యాచ్
ఇంకో సందేహం. అమ్మాయిని పిలిచినా "మైన్ షాట్స్" అనాలా, "మైనె షాట్స్" అనాలా? అమ్మాయి కదా, "మైనె" అనిపిస్తుంది.

ష్టుట్‌గార్ట్_శీను
@బీ1_బ్యాచ్ మైన్. షాట్స్ పుంలింగం, ఎవర్ని పిలిచినా మారదు. "షెట్స్‌హెన్" అని చిన్నది చేస్తే నపుంసకలింగం అయిపోతుంది, అప్పుడూ "మైన్". "హెన్" తోక తగిలితే ఏదైనా నపుంసకమే. అమ్మాయి అనే "మేట్‌హెన్" కూడా అంతే. లింగం కోసం మనిషిని చూడకు, తోక చూడు.

తోకలు కూడా ప్రాంతాన్ని బట్టి మారతాయి. ఉత్తరాన "హెన్", మా ష్వాబియాలో "లే", బవేరియా, ఆస్ట్రియాల్లో "ఎర్ల్", స్విట్జర్లాండ్‌లో "లి". మనిషి షాట్స్‌కి ఏ తోక పెట్టాడో వింటే ఏ ఊరివాడో సగం తెలిసిపోతుంది.

లైప్‌జిగ్_లలిత
ఆ "హెన్" ఉచ్చారణ గురించి ఎవరూ మాట్లాడరేం? అది హెన్ కాదు, ఖెన్ కాదు, నాలుక ముందుకి పెట్టి గాలి వదలాలి. మా సాక్సనీలో మాత్రం హాయిగా "షెన్" అనేస్తారు. షెట్స్‌షెన్. తెలుగు నోటికి ఇదే సుఖం. భాషా స్కూల్ టీచరు ముందు మాత్రం అనకండి.

రూర్_రాజు
మా రూర్ ప్రాంతంలో షాట్స్ కంటే "పెర్లె" అంటే మజా. ముత్యం. "మైనె పెర్లె" అంటే నా గాళ్‌ఫ్రెండ్. 2018 దాకా బొగ్గు గనుల ఊళ్ళు ఇవి. భూమిలోకి దిగి నల్లగా బయటికొచ్చేవాడు ఇంట్లో ఉన్నదాన్ని ముత్యం అనేవాడు. ఇది మాత్రం "మైన్" కాదు "మైనె", స్త్రీలింగం. బీ1 బ్యాచ్, గమనించు.

హైద్రాబాదీ_ఇన్_హాంబుర్గ్
పెర్లె చెప్తే ఇజ్జత్ పెరిగింది. మా చార్మినార్ కాడ కూడ ముత్యాలే. ఎలుకకంటె మస్తు నయం.

కీటా_అమ్మ
ఇన్ని తెలిశాక ఇంకో సందేహం వచ్చింది. పిల్లల్ని అంటే సరే. మొన్న బేకరీలో ఆవిడ నన్ను కూడా షాట్స్ అంది. "ఇంకేమన్నా కావాలా షాట్స్?" అని. నాకంటే పెద్దావిడే. అది మర్యాదేనా?

ష్టుట్‌గార్ట్_శీను
@కీటా_అమ్మ అరవై దాటిన బేకరీ ఆవిడ అంటే మర్యాదకే మర్యాద. మన కూరగాయలావిడ "ఏం కావాలమ్మా" అనడం ఎలాగో అలాగ.

సందేహం_సుందరి
కానీ ఆఫీసులో అలా కాదు. మా పాత ఆఫీసులో ఒక టీమ్ లీడ్ కొత్తగా చేరిన అమ్మాయిల్ని "షాట్సి" అనేవాడు. మగాళ్ళకి మాత్రం ఇంటిపేరుతో "హెర్" ఫలానా. ఒకమ్మాయి మీటింగ్‌లోనే "నా పేరు ఇది, దీంతో పిలవండి" అంది. గది చల్లబడిపోయింది, మర్నాటి నుంచి మానేశాడు. ఆ చివర "ఇ" తగిలిస్తే కొన్నిసార్లు ముద్దు, కొన్నిసార్లు చులకన. పన్ను, పశువు కథలన్నీ బాగున్నాయి గానీ మాట బరువు అనేవాడి నోట్లో ఉంటుంది.

లైప్‌జిగ్_లలిత
@సందేహం_సుందరి నూటికి నూరుపాళ్ళు. భార్యాభర్తలు కూడా కోపం వచ్చినప్పుడు "షా...ట్స్" అని సాగదీస్తారు చూడండి, అది విన్న మొగుడు పారిపోవాల్సిందే. చెత్త బుట్ట బయట పెట్టలేదని అర్థం.

కొత్తవలస_కుర్రోడు
మా అమ్మ "నాయనా" అని సాగదీస్తే కూడా అంతే.

డేన్_కోడలు
అవునూ, మనం పిల్లల్ని "నాన్నా", "అమ్మా" అని పిలవడం మా ఆయనకి ఇప్పటికీ మింగుడు పడదు. "నీకు తండ్రి ఎవరు, కొడుకు ఎవరు" అంటాడు. పన్ను అని పిలిచేవాడికి అంత ఆశ్చర్యం ఎందుకో.

బాసర_బాలు
ఇవన్ని ఏ నిఘంటువుల దొరుకుతయి? గ్రిమ్ సోదరులు పెద్ద జర్మన్ నిఘంటువు రాసిండ్రట గదా, కథలు రాసినోళ్ళే.

పాత_పుస్తకం
@బాసర_బాలు మొదలుపెట్టింది వాళ్ళే, 1838లో. మొదటి సంపుటం 1854లో వచ్చింది. విల్‌హెల్మ్ గ్రిమ్ "డి" అక్షరం ముగించి 1859లో పోయాడు. యాకోబ్ 1863లో పోయేటప్పటికి "ఎఫ్" అక్షరంలో "ఫ్రుఖ్ట్", అంటే పండు, అన్న మాట దగ్గర ఉన్నాడు. షాట్స్ ఉన్న "ఎస్" దాకా ఇద్దరూ రాలేదు. తర్వాతి తరాల వాళ్ళు రాసుకుంటూ పోయి 1961లో పూర్తి చేశారు, 32 సంపుటాలు. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. షాట్స్ కింద నాణెం నుంచి ప్రియురాలి దాకా పాత వాక్యాలన్నీ వరసగా ఇచ్చారు. ఆదివారం మధ్యాహ్నం దాంట్లో పడితే సాయంత్రం టీ సంగతి మర్చిపోతారు.

వేదపురి
ఆ నిఘంటువులో సంస్కృతం ప్రస్తావన ఉందా?

పాత_పుస్తకం
@వేదపురి చాలా మాటల కింద ఉంది. మౌస్ కింద చూడండి, తృప్తిగా ఉంటుంది.

రైన్_రవి
చర్చ ఎలుక దగ్గర మొదలుపెట్టింది నేనే అని మనవి.

మ్యూనిక్_మాధవి
పక్కదారి పట్టిస్తున్నా, క్షమించండి. పైన హోర్ట్ మాట వచ్చింది. నిధి అని మీరు ముచ్చట పడుతున్నారు, మాకు ఆ నిధి దొరకట్లేదు! మా బాబు 2026లో ఒకటో తరగతికి వెళ్తాడు. మా దగ్గర హోర్ట్‌లో చోటు లేదు, వెయిటింగ్ లిస్ట్ అంటున్నారు. ఇద్దరం ఉద్యోగాలు. ఎవరికైనా అనుభవం ఉందా?

కీటా_అమ్మ
@మ్యూనిక్_మాధవి 2026 ఆగస్టు నుంచి ఒకటో తరగతిలో చేరే పిల్లలకి రోజంతా సంరక్షణ పొందే హక్కు చట్టంలో పెట్టారు, జర్మనీ మొత్తానికి. ఏటా ఒక్కో తరగతి కలుపుతూ నాలుగో తరగతి దాకా తెస్తారు. మీ బాబు సరిగ్గా మొదటి బ్యాచ్. నోటిమాటగా అడగొద్దు, ఊరి యువజన సంక్షేమ కార్యాలయానికి కాగితం మీద రాసి పెట్టండి, అందినట్టు జవాబు తీసుకోండి. మా పెద్దదాని అప్పుడు కాగితం ఉన్నవాళ్ళకే ముందు పిలుపొచ్చింది.

ష్టుట్‌గార్ట్_శీను
స్కూలే సొంతంగా మధ్యాహ్నం బడి నడుపుతోందేమో కూడా కనుక్కోండి. అదుంటే హోర్ట్ అవసరమే ఉండదు.

మ్యూనిక్_మాధవి
ఇద్దరికీ థాంక్స్. రేపే రాస్తా. దీనికి వేరే చర్చ తెరుస్తా, ఇక్కడ పండితులకి అడ్డం రాను.